తలంటు పోసుకున్న సాక్ష్యం

గవ్వలపేట రేవు గురించి నాకు తెలిసింది తక్కువ. బడిలో నన్ను గాడిద అని పిలిచేవారు. జంతువుల కథలు రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే. తెలిసిన ఆ కాస్తా దగ్గుతూ తెలుసుకున్నదే కాబట్టి, కథ మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి.

ఆ రేవుకి దొర సింహం. దొర నిద్రపోతే దాన్ని పాలన అంటారు, లేస్తే భోజనం అంటారు. అందుకని అసలు పెత్తనమంతా నక్క కన్నబాబుది. ఓడల్లోకి నల్లనూనె అమ్ముకునేది కూడా కన్నబాబే. ఒడ్డున బొగ్గు బండి లాగేది ఎద్దు దాలయ్య. చూసింది చూసినట్టు ఊరంతా చాటేది కాకి నూకాలు. రేవు పక్క ఉప్పుటేటి గట్టున, మడచెట్టు మీద గూడు కట్టుకుని ఉండేది తెల్లకొంగ ముత్తేలు.

ఓడ ఆగితే ఇంజను కూడా ఆగుతుందని నాలాంటివాళ్ళం అనుకుంటాం. ఆగదు. లంగరు వేసి, తాళ్ళు కట్టి, సరుకు దింపుతున్నన్నాళ్ళూ లోపల దీపాలు వెలగాలి, చలిగదులు చల్లగా ఉండాలి, ఓడవాళ్ళకి అన్నం ఉడకాలి. అందుకని కట్టేసిన ఓడ కూడా రాత్రీ పగలూ నూనె తాగుతూ పొగ కక్కుతూనే ఉంటుంది. కట్టేసిన గొడ్డు నెమరు వేస్తే పాలిస్తుంది. కట్టేసిన ఓడ నెమరు వేస్తే మసి ఇస్తుంది.

ఆ మసి గాలివాటున వెళ్ళి మడచెట్టు మీద వాలేది. ముత్తేలు ముగ్గురు పిల్లల్ని కంది. ఇద్దరు దగ్గి దగ్గి గూట్లోంచి జారిపోయారు. మొగుడు పొగ పడటం లేదని పై ఏటికి ఎగిరిపోయాడు. వస్తానన్నాడు. మిగిలింది ఒక్క పిల్ల. దానికింకా పేరు పెట్టలేదు. పేరు పెట్టాక పోతే పిలుచుకుని ఏడవాలని ముత్తేలు భయం. దగ్గు తగ్గిన రోజు పెడదామనుకుంది.

కార్తీకం ఇంకా రాలేదు, చలి మాత్రం మొదలైంది. ఒక పొద్దున నూకాలు ఎగిరొచ్చింది. కొమ్మ మీద వాలకముందే నోరు విప్పింది.

"ఇన్నావేటప్పా! ఉత్తరదేశం నుంచి బాతు దొర వత్తన్నాడంట. పక్షుల పెద్దసభ పంపిందంట. మన రేవు పొగ కొలవడానికి!"

"పొగని దేంతో కొలుత్తాడే? కుంచంతోనా?"

"ఎటకారం కాదు, ఇను. రేవు గాలి పీల్చిన తెల్లపిట్టని పిలిపిత్తాడంట. దాని రెక్క తన తెల్ల రొమ్ముకి రాసుకుంటాడంట. మసి అంటిందా, ఓడలన్నీ ఇంజను కట్టీయాల్సిందే! కొండ మీద గాలిమర ఉన్నాది కదా, దాని కరెంటు తీగ లాగి ఓడలోకి ఇవ్వాల్సిందే. మన సింహం దొర కాదన్నాడా, ఇంక ఏ ఓడా ఈ రేవు మొకం సూడదు."

చెట్టు కింద బండి ఆపుకుని నురగలు కక్కుతున్న దాలయ్య తల ఎత్తాడు.

"అయితే ముత్తేలమ్మా, మనకి సాచ్చికం నీ ఒంటి మీదే ఉన్నాది. ఆ దొర వచ్చేదాకా ఒళ్ళు తడపకు. రెక్క దులపకు. ఎంత నల్లబడితే అంత మంచిది."

"తానం సెయ్యకుండానా మావా? కొంగ పుటక పుట్టి?"

"ఈ ఒక్కపాలికి కాకి పుటక అనుకో," అంది నూకాలు. "ఏం, మేం బతకటం నేదా?"

గూట్లో పిల్ల దగ్గింది. ముత్తేలు దాని వైపు ఒకసారి చూసి, రెక్కలు ముడుచుకుంది. "సరే. తడపను," అంది.

మాట అనడం తేలికే. కొంగకి తెలుపే నగ, తెలుపే చీర, తెలుపే కులగౌరవం. పొద్దున్నే రెక్కలు దువ్వుకోని కొంగని కొంగల్లో లెక్కెయ్యరు. రోజులు గడిచేకొద్దీ ముత్తేలు బూడిదరంగుకి తిరిగింది. ఆ తర్వాత పొయ్యిమీది మూకుడు రంగుకి తిరిగింది. ఏట్లో చేపకోసం నిలబడితే, తోటికోడలు ఆదెమ్మ నాలుగు అడుగులు పక్కకి జరిగేది.

"ఏటే ముత్తేలూ, మొగుడు ఎళ్ళిపోయాడని సన్యాసం పుచ్చుకున్నావేటి?"

"పిల్ల కోసం అప్పా."

"పిల్లలు మాకు నేరా? మేం తానాలు మానీసామా? నీ పక్కన నిలబడితే సేపలు కూడా నన్ను సూసి నవ్వుతున్నాయి."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కొంగలన్నీ ముక్కులు తిప్పుకునేవి. వాటి పిల్లలు కూడా దగ్గుతూనే ఉండేవి. కానీ తెల్లగా దగ్గేవి.

ఈ సంగతి కన్నబాబు చెవిన పడింది. సింహం దొర భోజనానికి లేచిన సమయం చూసి మెల్లగా కదిపాడు.

"దొరా, తీగ వేయాల్సి వచ్చేలా ఉంది."

"వేస్తే ఏమవుతుంది?"

"ఓడలు నా నూనె తాగవు. నేను తమకి పంపే దుప్పిమాంసం సగమైపోతుంది."

సింహం ఒక్కసారి పూర్తిగా మేలుకుంది. అది మేలుకోవడం రేవులో చాలామంది మొదటిసారి చూశారు. "ఆ కొంగని తినేస్తే సరి," అంది.

"అయ్యో, పక్షులసభ పట్టుకుంటుంది దొరా. తినక్కర్లేదు, తరమక్కర్లేదు. చుట్టం వస్తున్నాడని చెబితే చాలు. మిగతాది మనవాళ్ళే చూసుకుంటారు."

మర్నాడు రేవంతా దండోరా వేశారు. దూరదేశపు అతిథి వస్తున్నాడు, ఊరి పరువు అందరిదీ అని. ఇంకేం కావాలి! పెద్దల ఆజ్ఞ అంటే సణిగే జనం, పరువు అనేసరికి పరుగెత్తారు. కుందేళ్ళు వాకిళ్ళకి సున్నం కొట్టాయి. మేకలు కళ్ళాపి జల్లాయి. బొగ్గుకొండకి ఆకుపచ్చ గుడ్డ కప్పితే దూరం నుంచి అచ్చం పచ్చికకొండలా కనపడింది. రెండు మేకలు మేద్దామని ఎక్కి, గుడ్డతో సహా జారి కింద పడ్డాయి. పొగగొట్టాలకి పచ్చరంగు వేశారు. పొగకి రంగు వేయడం కుదరక వదిలేశారు.

దాలయ్యని కూడా తోమి తోమి కడిగారు. కొమ్ములకి పచ్చరంగు, మెడలో మువ్వలపట్టెడ. దాలయ్య ఏట్లో తన నీడ చూసుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎన్నేళ్ళ బండిచాకిరీలోనూ ఎవరూ అతన్ని అంత ప్రేమగా తోమలేదు.

"మావా," అంది నూకాలు కొమ్ము మీద వాలి, "నీ మెడ మీద బొగ్గుపుండు కూడా కడిగీసారేటి?"

"పుండు అలాగే ఉన్నాదే. పట్టెడ కింద కనపడదు." మెడ మువ్వలు ఒకసారి కదిపి, "బాగున్నానా?" అని అడిగాడు.

"పెళ్ళికొడుకులా ఉన్నావు," అంది నూకాలు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, ఆ రోజు కాకి పుండు వైపు చూడలేకపోయింది.

బాతు దొర రేపు వస్తాడనగా, కన్నబాబు స్వయంగా మడచెట్టు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక మూట.

నూకాలు చెట్టు మీంచి అరిచింది. "నక్కా! ఆ మూటలో ఏటున్నా సరే, అప్పని ముట్టుకున్నావంటే కళ్ళు పొడిసీగల్ను!"

"ముట్టుకోడానికి రాలేదే నూకాలూ, మొక్కడానికి వచ్చాను." కన్నబాబు చెట్టు కింద చెప్పులు విడిచినంత వినయంగా నిలబడ్డాడు. "ముత్తేలప్పా, నీకో శుభవార్త. రేపు వచ్చే దొరగారి భోజనం మీ ఇంట్లో."

ముత్తేలు ముక్కులోని చేప జారి కింద పడింది. "మా ఇంట్లోనా? సింహం దొర బంగళా ఉండగా?"

"అదే నేనూ అన్నాను. బాతుదొర చేప తప్ప మాంసం ముట్టడట. పక్షి ఇంట్లోనే ముద్ద మింగుతాడట. ఈ రేవులో పెట్టిపుట్టిన ఇల్లు మరి ఇంకోటి ఉందా? నీ చేత్తో వడ్డిస్తావు, నీ గూట్లో కూర్చుంటాడు, నీ బిడ్డని దీవిస్తాడు."

"బావూ, నా అవతారం సూసారా?"

"చూడకేం?" కన్నబాబు గొంతు తగ్గించాడు. "స్నానం మాత్రం చెయ్యకప్పా. ఈ మసే నీ సాక్ష్యం. ఎవరేమన్నా సరే, ఇలాగే వడ్డించు. ఇదిగో, మూటలో నాలుగు మంచి చేపలు, వంటకి. ఉప్పు వేసి ఉంచాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, చేపల కింద కాసిని కుంకుడుకాయలు పడ్డట్టున్నాయి. మా ఆవిడ ఏ మూటలో ఏం వేస్తుందో తెలీదు. పారేసెయ్."

నక్క వెళ్ళిపోయింది. అసలు మోసం జరిగింది ఇంతే. ఇక ఆ పూట జరిగినదానిలో నక్క చెయ్యి లేదు.

కబురు విని కొంగలన్నీ మడచెట్టు చుట్టూ చేరాయి. నిన్నటిదాకా పక్కకి జరిగిన ఆదెమ్మ ఇవాళ ఒరుసుకుని కూర్చుంది.

"అదృష్టమంటే నీదేనే! అవునుగానీ, మసిచేత్తో వడ్డిత్తే ఆయన ముద్ద ముడతాడేటి?"

"ముట్టకపోతే ఏం, మసి సూత్తాడు కదప్పా. అందుకే కదా ఇన్నాళ్ళూ..."

"సూడనీ. సూసి, పై దేశానికెళ్ళి ఏటి సెప్తాడు? గవ్వలపేట కొంగలు ఒళ్ళు కడుక్కోవని సెప్తాడు. పొగ అన్న మాట మర్చిపోతాడు గానీ, మురికి అన్న మాట మర్చిపోడు."

ఈ మాట ముత్తేలుకి ముల్లులా గుచ్చుకుంది. నాకూ గుచ్చుకుంటుంది. మా ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే, చినిగిన దుప్పటిని తిరగేసి వేసే రకం నేను. అవతలి వైపు కూడా చిరుగే అని తెలిసీ వేస్తాను.

"పోనీ," అంది ముత్తేలు, "వడ్డించే కుడిరెక్క ఒక్కటీ కడుక్కుంటాను. ఎడంరెక్క సాచ్చికానికి ఉంటాది."

కుంకుడుకాయలు కొట్టారు. కుడిరెక్క మంచుముక్కలా బయటపడింది. ఆ తెలుపు చూసి ముత్తేలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తాను కొంగనన్న సంగతి దాదాపు మర్చిపోయింది మరి. కానీ ఇప్పుడు దాని పక్కన ఎడంరెక్క చూస్తే కాలిన అట్టులా ఉంది.

"సగం ఏసం ఏసిన తోలుబొమ్మలా ఉన్నావే," అంది ఆదెమ్మ.

"రొమ్ము ఒక్కటీ కడుగు."

"మెడ మీద గీత కనబడతన్నాది."

"కిందపక్క ఎవులు సూత్తారు, అక్కడ ఉంచుకో మసి."

ఆ కిందపక్క కూడా చుట్టం కూర్చుంటే కనపడుతుందని ఎవరో అన్నారు. చివరికి పిల్లకి కూడా తలంటు పోశారు. చల్లటి నీళ్ళకి అది మరింత దగ్గింది. పొద్దు వాలేసరికి మడచెట్టు కింద ఏరు నల్లగా పారింది. ముత్తేలు కొమ్మ మీద వెలిగిపోతూ నిలబడింది. ఇన్నాళ్ళ సాక్ష్యం సముద్రంలో కలిసిపోయింది. సముద్రం అలాంటివి చాలా చూసింది కాబట్టి ఏమీ అనలేదు.

బండి దింపి వచ్చిన దాలయ్య చూశాడు. మువ్వలు ఆగిపోయాయి.

"ఏటి సేసీసావు ముత్తేలమ్మా?"

"సుట్టం వత్తన్నాడు మావా," అంది ముత్తేలు. "నువ్వు కొమ్ములకి రంగు ఎందుకేసుకున్నావు?"

దాలయ్య రంగు కొమ్ములు దించుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు బాతుదొర దిగాడు. పెద్ద మనిషి. పొడుగుమెడ, తెల్ల రొమ్ము, పుస్తకంలోంచి లేచొచ్చినట్టు మాట. ఆ ఒక్కరోజుకీ ఓడలన్నింటినీ రేవు బయట దూరంగా నిలబెట్టారు. అక్కడ నిలబడి అవి హాయిగా పొగ వదులుతున్నాయి. కానీ పైన పటారం చూడ్డానికి వచ్చినవాడికి లోన లొటారం ఎవరు చూపిస్తారు?

భోజనం ముగిసింది. దొర మూతి తుడుచుకుని చెప్పాడు.

"మా దేశంలో నేను గుడ్డులోంచి బయటికి వచ్చిన మంచుగడ్డ ఇప్పుడు లేదమ్మా. కరిగిపోయింది. ఎక్కడో ఓ రేవులో ఓ ఓడ విడిచిన పొగ ఆకాశానికి దుప్పటి కప్పుతోంది. ఆ దుప్పటి కింద మా మంచు చెమటలు పడుతోంది. మసి కంటికి కనపడుతుంది. ఆ దుప్పటి కనపడదు. అందుకే మసిని పట్టుకుని పొగని పట్టుకుందామని ఈ ఏర్పాటు. ఏదమ్మా, నీ రెక్క?"

ముత్తేలు రెక్క చాపింది. బాతుదొర దాన్ని తన రొమ్ముకి ఒకసారి రాశాడు. మళ్ళీ రాశాడు. రొమ్ము తెల్లగానే ఉంది. వెనక కన్నబాబు ఆకాశం వైపు చూస్తూ దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.

"మచ్చలేని రేవు," అన్నాడు దొర.

"కడిగీసిందయ్యా!" నూకాలు కొమ్మ మీంచి గుండెలు బాదుకుంది. "నిన్నటిదాకా నా రంగులో ఉండేది! అది నిజం కాకపోతే నన్ను సూడండి! నా ఒంటి మీద ఎంత మసి ఉన్నాదో రాసుకుని సూడండి!"

బాతుదొర ఆమె వైపు జాలిగా చూశాడు. "నువ్వు పుట్టుకతోనే నలుపు కదమ్మా."

నూకాలు నోరు తెరిచింది. అరుపు రాలేదు. ఊరంతా తెలిసిన ఆ నోరు మూగబోవడం అదే మొదలు.

దాలయ్య మువ్వలు చప్పుడు కాకుండా ముందుకొచ్చాడు. "బావూ, పిల్ల దగ్గుతున్నాది కదండీ. అది సాచ్చికం కాదేటి?"

"ముల్లు దొరా," అన్నాడు కన్నబాబు. "చేపముల్లు. పసిది, ఆత్రంగా తింది."

పిల్ల నిజంగానే దగ్గింది. బాతుదొర ముక్కుతో దాని వీపు నిమిరాడు. "పేరేమిటి?"

"ఇంకా పెట్టనేదు బావూ. దగ్గు తగ్గాక పెడదామని." ముత్తేలు సిగ్గు దిగమింగుకుని దొర కాళ్ళ దగ్గర వాలింది. "నేను కడుక్కున్నానండీ. మీరొస్తన్నారనే కడుక్కున్నాను. ఆ ఏరు సూడండి, ఇంకా నల్లగానే ఉన్నాది. ఒక్క నాలుగు దినాలు ఉండండి బావూ. ఓడల్ని రానియ్యండి. మళ్ళీ నల్లబడతాను. ఒట్టు, ఈపాలి తడపను."

"ఏరు మా కొలతలో లేదమ్మా. నాలుగు రోజులు ఉండే వీలూ లేదు, పొద్దువాలకముందే పక్క రేవు చేరుకోవాలి."

ముత్తేలు అతని తెల్ల రొమ్ము వైపు అలా చూస్తూ ఉండిపోయింది. హఠాత్తుగా అడిగింది.

"బావూ, మీరు ఓడల దారమ్మటే కదా ఎగిరొచ్చారు? మీ రొమ్ముకి మసి అంటనేదేటి?"

బాతుదొర మొదటిసారి తల దించుకున్నాడు.

"అంటింది. చాలా అంటింది. రాత్రి ఏటి మొగ దగ్గర దిగి, శుభ్రంగా మునిగి వచ్చాను." రొమ్ము ఈకలు సర్దుకుంటూ అన్నాడు, "పెద్దల ఊళ్ళోకి మురికితో రాకూడదు కదా."

మచ్చలేని రేవుకి గుర్తుగా కట్టే పచ్చతోరణాన్ని కన్నబాబు మర్యాదగా అందించాడు. దొర దాన్ని రేవు ద్వారానికి కట్టి, ఎగిరి వెళ్ళిపోయాడు. తీగ అక్కర్లేదని తేలిపోయింది. మచ్చలేని రేవని పేరు రావడంతో, పక్క రేవుల్లో ఆగాల్సిన ఓడలు కూడా ఇక్కడికే వచ్చాయి. కన్నబాబు నూనె రెండింతలు అమ్ముడుపోయింది. సింహం దొర మళ్ళీ పాలనలో మునిగిపోయాడు.

చలికాలం పోకముందే ఒక తెల్లవారుజామున గూట్లో దగ్గు తగ్గింది. పూర్తిగా తగ్గింది. ముత్తేలు పిలుద్దామని ముక్కు తెరిచింది. పిలవడానికి పేరు లేక, ఊరికే దాన్ని చూస్తూ కూర్చుంది. నూకాలు వచ్చి పక్కన వాలింది. దాలయ్య చెట్టు కింద బండి ఆపాడు. పట్టెడ అప్పటికే తీసేసుకున్నారు. కొమ్ముల రంగు మాత్రం పెచ్చులుగా ఇంకా ఉంది.

ఆ తర్వాత ముత్తేలు మళ్ళీ స్నానం చెయ్యలేదు. పంతంతో కాదు, ఎవరి కోసం చెయ్యాలో తోచక. ఆదెమ్మ పిల్లలు కూడా పోయాక ఆదెమ్మా చెయ్యలేదు. ఒక్కొక్కరుగా అందరూ మానేశారు. ఉప్పుటేటి గట్టున నల్లగా, వరసగా, మాట్లాడకుండా నిలబడేవారు. కొత్తగా వచ్చే ఓడవాళ్ళు చూసి, ఈ రేవులో కాకులకి కాళ్ళు పొడుగు అనుకునేవారు.

మరుసటి చలికాలం ఇంకో బాతుదొర వచ్చాడు. కుర్రవాడు, ఉత్సాహవంతుడు. తలంటు, భోజనం ఏమీ వద్దన్నాడు. ఒడ్డున నిలబడ్డ పిట్టల్ని చూసి ఆగాడు. ముత్తేలు తనంతట తానే ముందుకొచ్చి, రెక్క చాపి నిలబడింది. ఈసారి రెక్క మీద మసి వేలెడు మందాన ఉంది.

"ఇది కొంగ కదా?" అన్నాడు కుర్రదొర. "ఇంత నల్లగా ఉందేమిటి?"

కన్నబాబు చేతులు కట్టుకుని, వినయంగా అన్నాడు.

"ఇక్కడ కొంగలు పుట్టుకతోనే నలుపు దొరా."

నీతి: చుట్టం కోసం మసి కడుక్కుంటే, చుట్టం వెళ్ళిపోతాడు, మసి ఉండిపోతుంది.